చెంచాడు కాఫీ పొడి, ఒక రక్తపరీక్ష

ప్రశ్న: నా వయసు 34. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏడెనిమిది నెలలుగా కాఫీ పొడి తింటున్నాను. మొదట్లో డబ్బా మూత తీసినప్పుడు వాసన పీల్చుకునేదాన్ని. తర్వాత వేలికి అంటినది నాకడం, ఆ తర్వాత చిటికెడు. ఇప్పుడు రోజుకు మూడు చెంచాలయింది. వడకట్టాక మిగిలే పిప్పి కూడా పారేయబుద్ధి కాదు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కొంచెం కొంచెం తింటాను. పళ్ల కింద ఇసుకలా కరకరమంటుంటే అదో తృప్తి. ఇది కాక రెండు కప్పుల కాఫీ తాగుతాను. రెండో కాన్పు తర్వాత నెలసరి ఎక్కువగా అవుతోంది, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఇంటి పని వల్లనేమో. మొన్న మా నాలుగేళ్ల పాప నన్ను చూసి “అమ్మా, నాకూ పెట్టు” అంది. సిగ్గుతో చచ్చిపోయాను. దీనివల్ల కడుపు పాడవుతుందా? క్యాన్సర్ వస్తుందా? పిప్పిలో యాంటీఆక్సిడెంట్లు ఉంటాయని, తింటే మంచిదేనని కూడా ఒకచోట చదివాను. ఏది నిజం? దయచేసి పేరు వేయవద్దు.

సమాధానం: అమ్మా, మీరు అడిగిన వాటికి ముందు రెండు ముక్కల్లో జవాబు చెబుతాను. మీరు తింటున్న మోతాదుకు కడుపు కొంత ఇబ్బంది పెట్టవచ్చు గానీ పాడైపోదు. క్యాన్సర్ భయంతో నిద్ర మానుకోనక్కరలేదు. అయితే మీరు అడగకుండా, మాటల్లో మాటగా రాసి వదిలేసిన వాక్యం ఒకటుంది. నెలసరి ఎక్కువగా అవుతోంది, మెట్లెక్కితే ఆయాసం. మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది అక్కడే. దాన్ని మీరు ఇంటి పని ఖాతాలో రాసేశారు. నేను మాత్రం ఆ వాక్యాన్ని కాఫీ పొడి పక్కన పెట్టి మళ్లీ చదివాను.

ఒంట్లో ఐరన్ తగ్గినవారిలో కొందరికి వింత వింత వాటి మీదికి మనసు పోతుంది. మంచుగడ్డలు, మట్టి, సుద్ద, పచ్చి పిండి, కాగితం, బూడిద. కాఫీ పొడి, కాఫీ పిప్పి కూడా ఈ కోవలోవే. వైద్యులు దీన్ని పైకా అంటారు. లాటిన్‌లో అది ఒక పక్షి పేరు. కనిపించినదల్లా ముక్కున కరుచుకుపోతుందని దానికి ప్రతీతి. కాఫీ పొడి తినే వస్తువే కదా, అది మట్టితో సమానమెలా అవుతుందని మీరు అడగవచ్చు. పైకా అంటే ఆహారం కానివాటిని తినడం అన్న నిర్వచనాన్ని అక్షరాలా పట్టుకుంటే మీ వాదనే నెగ్గుతుంది. కానీ మీరే రాసిన ఆనవాళ్లు చూడండి. కాఫీ రుచిని మీరు ఒక్కచోట కూడా మెచ్చుకోలేదు. వాసన గురించి రాశారు, కరకర గురించి రాశారు. మోతాదు పెరిగింది, దాచుకోవడం మొదలైంది. అన్నిటికంటే నాకు పెద్ద ఆనవాలు ఆ పిప్పి. కాఫీ అంటే ప్రాణం పెట్టేవాళ్లు ఎందరో ఉన్నారు గానీ, వాళ్లెవరూ పిప్పి కోసం మధ్యాహ్నం దాకా కాచుకుని కూర్చోరు. రుచంతా డికాక్షన్‌లోకి దిగిపోయాక మిగిలేది ఆ ఇసుకతనమే. మీకు కావలసిందీ అదే.

చాలా ఏళ్ల కిందట విడవని తలనొప్పి అంటూ ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. మాట్లాడుతూ మాట్లాడుతూ చేతిసంచిలోంచి రుమాలు తీయబోతే దాంతోపాటు చిన్న గాజుసీసా ఒకటి బల్ల మీద పడింది. సీసా నిండా ఆరబెట్టిన కాఫీ పిప్పి. ఆవిడ ముఖం చూస్తే దొంగసొత్తుతో పట్టుబడినట్టుంది. నేనేమీ అనలేదు. కంటి కింది రెప్ప కొంచెం లాగి చూశాను. లోపల కాగితంలా తెల్లగా ఉంది. హిమోగ్లోబిన్ 7 చిల్లర వచ్చింది. ఐరన్ మొదలుపెట్టిన మూడో వారం మళ్లీ వచ్చినప్పుడు సీసా సంగతి అడిగాను. ఎక్కడ పెట్టారో ఆవిడకే గుర్తు లేదు. మానేయమని నేను చెప్పలేదు, మానాలని ఆవిడ పట్టుదల పట్టిందీ లేదు. ఐరన్ లోపం వల్ల పుట్టిన కోరిక తరచూ ఇలాగే పోతుంది. హిమోగ్లోబిన్ అంకె ఇంకా పూర్తిగా పెరగకముందే, చాలామందిలో మొదటి కొద్ది వారాల్లోనే సడలిపోతుంది.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. శరీరానికి ఏది తక్కువైతే నాలుక దాన్నే అడుగుతుందని చాలామంది నమ్ముతారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది గానీ, పైకా విషయంలో అది తలకిందులు. మంచుగడ్డలో ఐరన్ లేదు. కాఫీ పొడి ఇంకా చెడ్డది. తెచ్చిపెట్టేది దాదాపు ఏమీ ఉండదు, వచ్చేదాన్ని అడ్డుకుంటుంది. కాఫీలోని పాలీఫెనాల్స్ అనే మొక్కల రసాయనాలు, ముఖ్యంగా క్లోరోజెనిక్ ఆమ్లం వంటివి, ఆహారంలోని ఐరన్‌ను పట్టుకుని పేగు గోడ దాటనివ్వవు. అమెరికాలో 1983లో వెలువడిన ఒక అధ్యయనంలో భోజనంతో పాటు ఒక కప్పు కాఫీ తాగితే ఆ భోజనంలోంచి ఒంటబట్టే ఐరన్ 39 శాతం తగ్గింది. టీ అయితే 64 శాతం. భోజనానికి గంట ముందు తాగిన కాఫీ ఏ అడ్డూ పెట్టలేదు. గంట తర్వాత తాగినది మాత్రం భోజనంతో పాటు తాగినంతగానూ అడ్డుపడింది. తిన్న తర్వాత తాగితే ఫరవాలేదని అనుకునేవాళ్లు ఈ చివరి మాట రెండుసార్లు చదవండి.

మీ పరిస్థితి ఇప్పుడు అర్థమవుతుంది. నెలనెలా రక్తం పోతోంది, ఐరన్ తగ్గుతోంది. తగ్గిన ఐరన్ మిమ్మల్ని డబ్బా దగ్గరికి లాక్కుపోతోంది. డబ్బాలోని పొడి, మీరు తిన్న తిండిలోని ఐరన్‌ను ఒంటబట్టనివ్వడం లేదు. దాంతో కోరిక ఇంకా పెరుగుతోంది. ఈ గానుగ చుట్టూ తిరుగుతున్న మనిషిని పట్టుకుని “నీకు మనోనిబ్బరం లేదు” అనడం అన్యాయం. కాబట్టి సిగ్గు సంగతి ముందు పక్కన పెట్టండి.

ఈ వారంలోనే వైద్యుల దగ్గరికి వెళ్లి పూర్తి రక్తపరీక్షతో పాటు, ఒంట్లో ఐరన్ నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించుకోండి. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి బాగుందని పంపేస్తే ఊరుకోకండి. హిమోగ్లోబిన్ అంటే చేతి ఖర్చు డబ్బు, ఫెరిటిన్ అంటే దాచుకున్న డబ్బు. దాచినదంతా అయిపోయాకే చేతిలో డబ్బుకు కటకట మొదలవుతుంది. గర్భంతో లేని స్త్రీలకు హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే, గర్భిణులకు 11 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. ఫెరిటిన్ లీటరుకు 15 మైక్రోగ్రాముల లోపు ఉంటే నిల్వలు ఖాళీ అయినట్టే. 30 లోపు ఉన్నా చాలామంది వైద్యులు లోపంగానే చూస్తారు. ఒంట్లో జ్వరమో, వాపో, ఇన్ఫెక్షనో ఉంటే ఫెరిటిన్ పెరిగి అసలు లోటును కప్పేస్తుంది. అలాంటిది ఏదైనా ఉంటే పరీక్షకు ముందే చెప్పండి.

అంకెలు తక్కువ వచ్చాయని ఐరన్ మాత్రలు కొనుక్కుని ఊరుకుంటే సగం పనే అయినట్టు. కుండకు చిల్లు ఎక్కడుందో కూడా చూడాలి. మీ విషయంలో అది నెలసరి కావచ్చు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చవలసి రావడం, పెద్ద గడ్డలు పడటం, 7 రోజులు దాటినా ఆగకపోవడం, వీటిలో ఏది ఉన్నా స్త్రీల వైద్యనిపుణులకు చూపించుకోవాలి. దానికి మంచి చికిత్సలున్నాయి. ఇది చదువుతున్న మగవారికి, నెలసరి ఆగిపోయిన స్త్రీలకు ఒక మాట. మీలో ఐరన్ తగ్గిందంటే జీర్ణకోశంలో ఎక్కడైనా రక్తం కారుతోందేమో తప్పనిసరిగా చూడాలి. మాత్రతో సరిపెట్టుకోకండి.

ఇక పొడి సంగతికి వద్దాం. “కాఫీ పొడి” అని మనం ఒకే పేరు పెట్టి పిలిచేవి నిజానికి మూడు వేర్వేరు వస్తువులు. వేయించిన గింజలను దంచిన పొడి ఒకటి. అందులోంచి డికాక్షన్ దిగిపోయాక మిగిలిన పిప్పి ఒకటి. కాఫీ కాచి, దాన్ని ఎండబెట్టిన ఇన్‌స్టంట్ పొడి మూడోది. మొదటిదానిలో వేడినీళ్లకు కరిగేది మహా అయితే 30 శాతం. మామూలుగా కాఫీ కాస్తే దిగేది 18 నుంచి 22 శాతమే. అంటే కాఫీ తాగేవాళ్లు గింజలో అయిదో వంతు మాత్రమే పుచ్చుకుని తక్కినది పారేస్తారు. పొడిని నమిలి మింగే మీరు ఆ తక్కిన నాలుగు వంతులు కూడా లోపలికి పంపుతున్నారు. కాఫీ తాగడం గురించి వచ్చిన మంచి వార్తలు, చెడ్డ వార్తలు కాఫీ తినడానికి అలాగే వర్తించకపోవడానికి మూలం ఇదే.

కెఫీన్ లెక్క చూద్దాం. అరబికా రకం పొడిలో గ్రాముకు సుమారు 12 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, రొబస్టాలో సుమారు 22. మీ చెంచా చిన్నదనుకుంటే తలగొట్టి కొలిచినప్పుడు 2 గ్రాముల పొడి పడుతుంది. రోజుకు మూడు చెంచాలంటే 6 గ్రాములు, అంటే రకాన్ని బట్టి 70 నుంచి 130 మిల్లీగ్రాములు. తాగే రెండు కప్పులకు కప్పుకు 100 చొప్పున వేసుకున్నా మొత్తం 270 నుంచి 330. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు 400 మిల్లీగ్రాములు, ఒక విడతలో 200 దాకా ఆందోళన లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో తేల్చింది. మీరు గీత దాటలేదు. కానీ గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అదే సంస్థ పెట్టిన గీత రోజుకు 200. పొడిలో చికోరీ కలిసి ఉంటే కెఫీన్ ఆ మేరకు తగ్గుతుంది.

పిప్పిలో కెఫీన్ తక్కువే, కానీ సున్న కాదు. ఎంత మిగులుతుందన్నది నీళ్లు ఎంత వేడిగా పోశారు, పొడి ఎంత మెత్తన, ఎంతసేపు నానింది అనే వాటిని బట్టి ఉంటుంది. నిజంగా జాగ్రత్త పడవలసింది ఇన్‌స్టంట్ పొడితో. అది ముందే చిక్కగా దించిన సారం. గ్రాముకు 30 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండవచ్చు. నేను చదువుకునే రోజుల్లో ఒక పరీక్ష ముందు రాత్రి నీళ్లు కాచే ఓపిక లేక రెండు పెద్ద చెంచాల ఇన్‌స్టంట్ పొడి నోట్లో వేసుకుని చప్పరించాను. అంగిలికి అతుక్కుపోయిన ఆ చేదు తారును నాలుకతో గీకలేక అవస్థ పడ్డాను. తెల్లారి పరీక్షలో గుండె బొమ్మ గీస్తుంటే పెన్సిలు గీత భూకంప రేఖలా వచ్చింది. నా గుండె మాత్రం ఆ బొమ్మలో లేనన్ని చప్పుళ్లు చేసింది.

ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం కరగడానికి సగటున 5 గంటలు పడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవారికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. గర్భం చివరి నెలల్లో ఇంకా ఎక్కువ. కాబట్టి సాయంత్రం 5 గంటలకు తిన్న చెంచాలో సగం కెఫీన్ రాత్రి 10 గంటలకు కూడా మీతోనే ఉంటుంది. మీకు నిద్ర సరిగ్గా పట్టకపోతుంటే, పగలు నీరసానికి అదీ ఒక కారణం కావచ్చు. ఒక్కసారిగా 1,200 మిల్లీగ్రాముల దాకా లోపలికి వెళ్తే మూర్ఛలు వంటి ప్రమాదం ఉంటుందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిస్తుంది. అంత కెఫీన్‌కు అరబికా పొడి 100 గ్రాములు నమలాలి, ఎవరివల్లా కాదు. ఇన్‌స్టంట్ పొడి అయితే 40 గ్రాములే చాలు.

కెఫీన్ కంటే మీ విషయంలో నేను ఎక్కువగా పట్టించుకునేది నూనె. బాగా నల్లగా వేయించిన కాఫీ గింజ ఒకటి తీసుకుని తెల్ల కాగితం మీద గట్టిగా రుద్ది చూడండి, నూనె మరక పడుతుంది. అరబికా గింజ బరువులో సుమారు 15 శాతం నూనే. అందులో కాఫెస్టాల్, కావియోల్ అనే రెండు పదార్థాలున్నాయి. కాలేయం కొలెస్ట్రాల్‌ను పైత్యరసంగా మార్చుకుని ఖర్చు పెడుతుంది కదా, కాఫెస్టాల్ ఆ ఖర్చును తగ్గించేస్తుంది. దాంతో రక్తంలో కొలెస్ట్రాల్ పోగుపడుతుంది. కాఫీ ఎక్కువగా తాగేవారిలో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంటోందని నార్వేలోని ట్రోమ్సోలో జరిగిన అధ్యయనంతో 1983లో బయటపడింది. పొడిని వడకట్టకుండా మరిగించిన కాఫీ మీదికి అనుమానం ఆ తర్వాత మళ్లింది. తర్వాత దొరికిన దొంగ ఈ నూనే. రోజుకు 10 మిల్లీగ్రాముల కాఫెస్టాల్ లోపలికి వెళ్తే కొలెస్ట్రాల్ డెసిలీటరుకు 5 మిల్లీగ్రాముల మేర పెరుగుతుందని అంచనా. కాగితంతో వడకట్టిన కాఫీలో అది దాదాపు ఉండదు. కాగితం దాన్ని ఆపేస్తుంది.

ఆపినది ఎక్కడికి పోతుంది? పిప్పిలోనే ఉంటుంది. మీరు తింటున్నది అదే. నెదర్లాండ్స్ పరిశోధకులు 1995లో సరిగ్గా ఈ సంగతే చూశారు. ఆరోగ్యవంతులైన కొందరికి మెత్తటి కాఫీ పిప్పిని రోజూ కొన్ని గ్రాముల చొప్పున మూడు వారాలు తినిపించారు. కొలెస్ట్రాల్ పెరిగింది, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని మరో రకం కొవ్వులు పెరిగాయి, కాలేయానికి సంబంధించిన ఏఎల్‌టీ అనే ఎంజైము కూడా పెరిగింది. పిప్పి తినడం గురించి మనుషుల మీద నేరుగా జరిగిన కొద్దిపాటి పరిశోధనల్లో ఇదొకటి. అందుకే మీరు రక్తం ఇచ్చేటప్పుడు కొలెస్ట్రాల్, కాలేయ పరీక్షలు కూడా రాయమని అడగండి. ఏఎల్‌టీ కొంచెం ఎక్కువగా వస్తే కంగారు పడకండి. పొడి తింటున్న సంగతి మాత్రం వైద్యులకు చెప్పండి. చెప్పకపోతే వాళ్లు ఆ అంకెకు కారణం వెతుకుతూ మిమ్మల్ని పది పరీక్షల చుట్టూ తిప్పుతారు. రొబస్టాలో కాఫెస్టాల్ అరబికాలో ఉన్నదానిలో సగమే. అంటే కెఫీన్ తక్కువున్న రకంలో ఈ నూనె ఎక్కువ, నూనె తక్కువున్న దానిలో కెఫీన్ ఎక్కువ. ఏది తిన్నా ఒక తంటా తప్పదు.

కడుపు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పిప్పిలో సగం పైగా పీచే. నీళ్లు సరిగ్గా తాగకుండా తింటే మలబద్ధకం వస్తుంది. మరికొందరికి దీనికి తలకిందులుగా, కాఫీ పడగానే పరుగు; కెఫీన్ తీసేసిన కాఫీ కూడా పెద్దపేగును నిమిషాల్లో కదిలించగలదని 1990లోనే చూశారు. ఛాతీ మంట, పులితేపులు ఉన్నవారికి అవి పెరుగుతాయి. కడుపుకు శస్త్రచికిత్స జరిగినవారు, జీర్ణాశయం మందకొడిగా పనిచేసేవారు ఈ అలవాటు జోలికి పోకూడదు. కరగని పీచు లోపల ముద్దకట్టి అడ్డుపడే ప్రమాదం ఉంటుంది. ఉదయం పిప్పిని తడిగా వదిలేసి మర్నాడు తినడం ఎవరికీ మంచిది కాదు, దానిమీద బూజు త్వరగా పడుతుంది. పళ్ల మీద గార సంగతి మీ అద్దమే చెబుతుంది.

అయితే ఒక్క విషయం గట్టిగా గుర్తు పెట్టుకోండి. జీర్ణాశయంలో రక్తం కారి, ఆమ్లంతో కలిసి నల్లబడి వాంతిలో వస్తే అది చూడటానికి అచ్చం కాఫీ పొడిలా ఉంటుంది. వైద్య పుస్తకాల్లో దానికి పేరే కాఫీ పొడి వాంతి. అది అత్యవసరం. నిజంగానే కాఫీ పొడి తినే మనిషి వాంతి చేసుకుంటే ఏది ఏదో తేల్చడం కష్టం. పొడే అయి ఉంటుందిలే అని ఇంట్లో కూర్చోకండి. ముఖ్యంగా కళ్లు తిరుగుతున్నా, తారులాంటి నల్లటి, జిగటైన, దుర్వాసన వేసే మలం అవుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక మలం నల్లబడటం మామూలే. దానికి ఆ జిగట, ఆ వాసన ఉండవు.

క్యాన్సర్ భయం అక్రిలమైడ్ అనే మాట నుంచి పుట్టి ఉంటుంది. పిండి పదార్థాలు ఉన్నవాటిని బాగా వేడి చేసినప్పుడు పుట్టే పదార్థం అది, కాఫీ గింజ వేయించినప్పుడూ పుడుతుంది. నీటిలో కరుగుతుంది కాబట్టి చాలావరకు డికాక్షన్‌లోకే పోతుంది. అంటే పిప్పి తినేవారి కంటే కాఫీ తాగేవారికే ఎక్కువ అందుతుంది. మరి ఆ తాగడం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ఏమందంటే, కాఫీని క్యాన్సర్ కారకంగా వర్గీకరించడానికి ఆధారాలు చాలవని. అంతకుముందు 1991లో మూత్రాశయ క్యాన్సర్ అనుమానంతో కాఫీ మీద వేసిన ముద్రను అప్పుడు తీసేసింది. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలను మాత్రం అనుమానితుల జాబితాలో పెట్టింది. పొగలు కక్కే కాఫీ గొంతులో పోసుకునేవారు ఆలోచించుకోవలసింది దాన్ని గురించి.

యాంటీఆక్సిడెంట్ల గురించి మీరు చదివినది అబద్ధం కాదు. ఆ యాంటీఆక్సిడెంట్లంటే ముఖ్యంగా ఇందాక చెప్పిన పాలీఫెనాల్సే, అవి పిప్పిలో మిగిలే ఉంటాయి. కానీ మీకు ఐరన్ అందనివ్వని వాటిలో ముఖ్యమైనవి ఆ పాలీఫెనాల్సే. ఒకరికి మేలు చేసేది మరొకరికి అడ్డం పడుతుందని ఆ రాసినవారు చెప్పి ఉండరు. కాఫీ పిండి పేరుతో అమ్మేదాన్ని చూసి కూడా పొరబడకండి. అది గింజ చుట్టూ ఉండే పండు గుజ్జును ఎండబెట్టి చేసినది, దానికీ వడకట్టిన పిప్పికీ సంబంధం లేదు.

పాపకు పెట్టకండి. ఇందులో మొహమాటం లేదు. పిల్లలకు ఒక విడతలో కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల కెఫీన్ మించకూడదన్నది లెక్క. నాలుగేళ్ల పాప 16 కిలోలుంటే 48 మిల్లీగ్రాములు. రొబస్టా పొడి ఒక్క చెంచాతో దాదాపు అక్కడికి చేరుతుంది, ఇన్‌స్టంట్ అయితే దాటేస్తుంది. దానికంటే ముందు, పొడిగా ఉన్న మెత్తటి పొడిని పిల్లలు నోట్లో వేసుకుని గబుక్కున ఊపిరి పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డబ్బా అందని చోట పెట్టండి. ఇంట్లో కుక్క ఉంటే పిప్పి పారేసే బుట్టకు కూడా మూత ఉండాలి. కెఫీన్ కుక్కలకు విషం.

ఇక మానడం గురించి. రేపటి నుంచి ముట్టనని ఒట్టు పెట్టుకోకండి. కెఫీన్ ఒక్కసారిగా ఆపేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై కొన్నాళ్లు వేధిస్తుంది. ఆ నొప్పికి తట్టుకోలేక మళ్లీ డబ్బా తెరుస్తారు, నా వల్ల కాదని మీకు మీరే తీర్పు చెప్పుకుంటారు. ముందు పిప్పి ఆపండి. అందులో కెఫీన్ తక్కువ కాబట్టి అది వదలడం వల్ల తలనొప్పి పెద్దగా రాదు, నూనె మాత్రం బాగా తగ్గుతుంది. పొడిని మూడు చెంచాల నుంచి రెండుకు, మరో వారానికి ఒకటికి దించండి. తాగే రెండు కప్పులూ ఉంచుకోండి, భోజనానికి గంట ముందుకు జరిపితే చాలు. కరకరకు నోరు పీకుతుంటే వేయించిన వేరుశనగ గింజలో, పచ్చి కూరగాయ ముక్కలో నమలండి. అది మందు కాదు, కాలక్షేపం.

ఐరన్ లోపం ఉందని తేలితే వైద్యులు చెప్పిన మోతాదులో మాత్రలు వేసుకోండి. కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్రలు ఐరన్ మాత్ర దగ్గరికి రానివ్వకండి; పుల్లటి పండ్ల రసంతో అయితే మంచిదే. మాత్ర పడక కడుపులో తిప్పితే మానేయకుండా చెప్పండి. రోజు మార్చి రోజు వేసుకునే పద్ధతి కూడా ఉంది, ఒక్కో మాత్ర నుంచి ఒంటబట్టే వంతు అలాగే ఎక్కువని పరిశోధనల్లో తేలింది. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి మరో 3 నెలలు వాడవలసి ఉంటుంది. చాలామంది ఆయాసం తగ్గగానే ఆపేసి, ఆరు నెలలకు మళ్లీ మొదటికి వస్తారు. థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నట్లయితే కాఫీ దాన్ని కూడా సరిగ్గా ఒంటబట్టనివ్వదు, ఐరన్ కూడా అంతే. వేళలు వైద్యులతో కూర్చుని సర్దుకోండి.

ఒకవేళ ఫెరిటిన్ నిండుగా ఉండి, కోరిక మాత్రం అలాగే ఉంటే? అలా కూడా జరుగుతుంది. ఆందోళన, కుంగుబాటు, కాన్పు తర్వాత నిద్ర లేని నెలలు, ఇవి కూడా ఇలాంటి అలవాట్లను పట్టుకొస్తాయి. అప్పుడు మానసిక వైద్యులతో ఒకసారి మాట్లాడమని నా సలహా. గర్భం వచ్చిందేమో కూడా చూసుకోండి. ఈ కోరికలు గర్భిణుల్లో ఎక్కువ, కెఫీన్ గీత కూడా అప్పుడు సగానికి దిగుతుంది.

మీ వారికో, అమ్మగారికో చెప్పండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఈ ఉత్తరాన్నే చూపించండి. రిపోర్టు వచ్చాక హిమోగ్లోబిన్, ఫెరిటిన్ అంకెలు రెండూ నాకు రాయండి. పేరు ఈసారి కూడా వేయను.